వీధివార సామాను, మారుబేరం

ఇంట్లోవాళ్లు అక్కర్లేదని వీధిలో పెట్టిన వస్తువును చెత్త బండి వచ్చేలోగా ఎత్తుకెళ్లి, తుడిచి, బాగుచేసి, మళ్లీ అమ్ముకోవడం ప్రపంచంలోని చాలా పెద్ద నగరాల్లో ఒక బతుకుతెరువు. చెత్తకుప్పల్లో ప్లాస్టిక్కు, కాగితాలు ఏరి తూకానికి వేసే పనితో దీనికి చుట్టరికం ఉంది గాని రెండూ ఒకటి కావు. అక్కడ వస్తువు కరిగి ముడిసరుకవుతుంది. ఇక్కడ కుర్చీ కుర్చీగానే, దీపం దీపంగానే ఇంకో ఇంటికి చేరుతుంది. ఒకే మనిషి ఈ రెండు పనులూ చేయడం మామూలే. అయితే రెండోదానికి బలంకంటే ఎక్కువగా కావలసింది వస్తువుల గురించిన తెలివిడి. ఈ వృత్తి గురించి రాసినవాళ్లు తరచు దాన్ని పేదరికం కథగానో, అదృష్టం కథగానో చెబుతారు. దగ్గరగా చూస్తే అది నైపుణ్యం కథ. నగర పాలన పెట్టే గంటల లెక్కకు కూడా దానిలో అంతే పెద్ద పాత్ర.

ఈ పని బాగా సాగే ఊళ్లలో న్యూయార్క్‌ను ముందు చెప్పుకోవాలి. దానికి కారణం ఆ ఊరి పటంలోనే ఉంది. మన్‌హాటన్ వీధులకు గీతలు గీసిన 1811 నాటి ప్రణాళికలో ఇళ్ల వెనక సందులు పెట్టలేదు. షికాగోలో చెత్త డబ్బాలు వెనక సందుల్లో ఉంటాయి. అక్కడ పాత సామాను ఏరేవాళ్లు చిన్న ట్రక్కులేసుకుని ఆ సందులే తిరుగుతారు. న్యూయార్క్‌లో వెనక దారి లేదు కాబట్టి సంచులు, విరిగిన బల్లలు, పాత పరుపులు, పుస్తకాల అట్టపెట్టెలు అన్నీ వాకిలి ముందు ఫుట్‌పాత్ మీదికే వస్తాయి, దారినపోయే అందరి కంటా పడతాయి. ఎంతసేపు పడతాయన్నది నగరం నిర్ణయిస్తుంది. 2023 ఏప్రిల్ 1కి ముందు సాయంత్రం 4 నుంచే చెత్త బయట పెట్టవచ్చు. ఆ రోజు నుంచి సంచులైతే రాత్రి 8 దాటాక, మూత ఉన్న డబ్బాల్లో అయితే 6 దాటాక అన్నారు. తెల్లవారితే బండి వస్తుంది. ఇనుప పలకతో లోపలికి నొక్కి పిండేసే ఆ బండిలో పడ్డ బీరువా క్షణాల్లో చెక్కముక్కలవుతుంది. మారుబేరగాళ్ల పనంతా ఆ రాత్రికీ ఆ తెల్లవారుజాముకీ నడుమే జరగాలి.

ఎందుకు పారేస్తారు

పనికొచ్చే వస్తువును వీధిన పెట్టడం తెలుగు ఇళ్లలో పెరిగినవాళ్లకు మొదట అర్థం కాదు. అమెరికా నగరాల లెక్క వేరు. సోఫా ఖరీదుకంటే దాన్ని లిఫ్టు లేని మేడ మీంచి దించి, ట్రక్కులో వేసి, కొత్త ఇంటి మెట్లెక్కించే కూలి ఎక్కువ కావచ్చు. దానధర్మాల దుకాణాలవాళ్లు వచ్చి తీసుకెళతామన్నా వాళ్లిచ్చే తేదీ ఇల్లు ఖాళీ చేయాల్సిన తేదీకి కుదరదు. రంపపుపొట్టును బంకతో నొక్కి చేసిన పార్టికల్ బోర్డు బీరువాలు ఒకసారి విప్పితే మళ్లీ గట్టిగా బిగుసుకోవు. అటువంటివి కొన్నప్పుడే ఒక ఇంటికని కొన్నట్టు.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్కల ప్రకారం 1960లో ఆ దేశపు ఊళ్ల చెత్తలో కలిసిన ఫర్నిచరు, గృహాలంకరణ సామాను 22 లక్షల టన్నులు. 2018 నాటికి అది 1 కోటి 21 లక్షల టన్నులైంది. అందులో దాదాపు 80 శాతం భూమిలో పూడ్చేశారు. జనాభా పెరుగుదల ఒక్కటే ఈ అంకెను వివరించలేదు. ఫర్నిచరు చౌకయింది, తేలికయింది, ఆయుష్షు తగ్గింది.

ఇళ్లు మారే రోజులు ఈ వృత్తికి పంటకోతల రోజులు. న్యూయార్క్‌లో ఒకప్పుడు అద్దె ఒప్పందాలన్నీ మే 1న ముగిసేవి. ఊరంతా ఒక్కరోజునే బళ్లెక్కేది. రెండో ప్రపంచ యుద్ధ కాలానికి ఆ ఆచారం పోయింది. కెనడాలోని క్విబెక్‌లో అది ఇంకా ఉంది. అక్కడ కూడా మే 1నే ఉండేది గాని, బడి సంవత్సరం మధ్యలో పిల్లలు బడులు మారాల్సి వస్తోందని 1970ల్లో జులై 1కి మార్చారు. ఆ వారమంతా మాంట్రియల్ వీధుల్లో పొయ్యిలు, మంచాలు, అద్దాలు బారులు తీరుతాయి. బోస్టన్‌లో విద్యార్థుల అద్దె ఒప్పందాలు ఎక్కువగా సెప్టెంబరు 1న మారతాయి. విద్యార్థులు కిక్కిరిసి ఉండే ఆల్‌స్టన్ పేటలో ఆ రోజును స్థానికులు ఆల్‌స్టన్ క్రిస్మస్ అని పిలుచుకుంటారు.

చింకిపాతల కాలం

వీధిలో ఏరిన సరుకుతో ఒక పరిశ్రమే నడిచిన రోజులున్నాయి. యూరప్‌లో కలప గుజ్జుతో కాగితం చేయడం రాకముందు కాగితమంతా పాత నార, నూలు బట్టలతోనే తయారయ్యేది. ఎముకల నుంచి బొత్తాలు, జిగురు, పంచదారను తెల్లబరిచే బొగ్గు వచ్చేవి. కాబట్టి చింకిపాతకూ ఎముకకూ రోజూ ధర ఉండేది. పారిస్‌లో వీటిని ఏరే షిఫోనియేలు వీపున అల్లిన గంప, చేత కొక్కెం, లాంతరు పట్టుకుని రాత్రిళ్లు తిరిగేవారు. 19వ శతాబ్దపు మొదటి సగంలోనే పోలీసులు వాళ్లకు ఇత్తడి బిళ్లలిచ్చి నమోదు చేశారు. చిత్రకారుడు ఎదువార్ మానె ఒక ముసలి షిఫోనియేను నిలువెత్తు చిత్రంగా వేశాడు. రాజులకూ సేనానులకూ దక్కే కొలతల్లో చెత్త ఏరే మనిషిని నిలబెట్టిన ఆ చిత్రం ఇప్పుడు అమెరికాలోని నార్టన్ సైమన్ మ్యూజియంలో ఉంది.

వాళ్లలో అంతరాలుండేవి. అడుగున ఉన్నవాడు ఎక్కడ పడితే అక్కడ దొరికింది ఏరుకునేవాడు. వాడిపైన ప్లాసియే. ఇతనికి కొన్ని ఇళ్లు రాసిపెట్టినట్టు ఉండేవి. ఆ ఇళ్ల కాపలావాళ్లతో ఒప్పందం కుదుర్చుకుని, వాళ్లకు చిన్నా చితకా పనులు చేసిపెట్టి, చెత్త బయటికి రాకముందే లోపలే ఏరుకునేవాడు. ఆ హక్కును ఇంకొకరికి అమ్ముకోవడానికి కూడా వీలుండేది. అందరిపైనా సరుకును తూచి కొనే పెద్ద వ్యాపారి.

1883 నవంబరులో పారిస్ ఉన్న సెన్ జిల్లా పాలనాధికారి యూజెన్ పూబెల్ ఒక ఉత్తర్వు జారీ చేశాడు. ఇంటి యజమానులు చెత్తను వీధిలో పోయకూడదు, మూత ఉన్న డబ్బాల్లో పెట్టాలి. 1884 జనవరిలో అది అమల్లోకి వచ్చింది. ఊరి ఆరోగ్యానికి అది మేలే. కాని వేలాదిమంది ఏరేవాళ్ల నోటికాడ కూడు లాగేసినంత పనయింది. పత్రికలు కూడా వాళ్ల తరఫున గట్టిగా రాశాయి. చివరికి డబ్బాలోని చెత్తను గుడ్డ మీద గుమ్మరించి, కావలసింది ఏరుకుని, మిగతాది మళ్లీ డబ్బాలో వేసేందుకు అనుమతి దొరికింది. ఊరి లోపల చోటు తగ్గుతూ రావడంతో షిఫోనియేలు కోట గోడల అవతల స్థిరపడ్డారు. అక్కడ సెంటూవాన్‌లో వాళ్లు పరిచిన అంగడే నేడు పర్యాటకులు ఎగబడే పారిస్ పాత సామాన్ల బజారు. దాని పుట్టిన సంవత్సరంగా 1885ను చెప్పుకుంటారు.

లండన్‌లో ఈ జనం గురించి మనకు తెలిసినదానిలో చాలా భాగం హెన్రీ మేహ్యూ పుణ్యమే. 1851 నుంచి పుస్తకంగా వచ్చిన ఆయన పరిశీలనల్లో చింకిపాతలవాళ్లు, ఎముకలవాళ్లు, థేమ్స్ నది బురదలో బొగ్గు, రాగి మేకులు వెతికే పిల్లలు ఎవరి మాట వాళ్లు చెప్పుకుంటారు. ఎంత సంపాదిస్తారో, ఏ వీధులు తిరుగుతారో, ఏం తింటారో ఆయన ఓపిగ్గా అడిగి రాశాడు. 20వ శతాబ్దంలో గుర్రబ్బండి తోలుకుంటూ పాత సామాను సేకరించే మనిషి బ్రిటన్‌లో టీవీ హాస్యపాత్రగా మిగిలాడు. 1962లో మొదలైన స్టెప్టో అండ్ సన్ ధారావాహిక ఒక తండ్రీ కొడుకుల పాత సామాన్ల వ్యాపారం మీదే నడిచింది. అమెరికాలో అది 1972లో శాన్‌ఫర్డ్ అండ్ సన్‌గా లాస్ ఏంజిలిస్‌లోని వాట్స్ పేటకు, ఒక నల్లజాతి కుటుంబంలోకి మారింది.

ఏరే విద్య

నేటి మారుబేరగాడి గంపలో చింకిపాతలు లేవు. వ్యాన్, టార్చిలైటు, చేతి తొడుగులు, స్క్రూడ్రైవర్లు, పాత దుప్పట్లు, బిగించే పట్టీలు అతని సరంజామా. ఏ పేటకు ఏ రోజున బండి వస్తుందో అతనికి కంఠస్థం. నెలాఖరు రాత్రులు అతను ఇంటిపట్టున ఉండడు. డబ్బున్న పేటల్లో మంచి వస్తువులు దొరుకుతాయన్నది సగమే నిజం. అక్కడ కాపలావాళ్లు, ఇళ్ల మేస్త్రీలు ముందే చూసేసుకుంటారు. పాతకాపులు ఎక్కువగా ఉండి, పెద్దవాళ్లు పోయాక వారసులు వారాంతంలో వచ్చి ఇల్లు ఖాళీ చేసే వీధులు అంతకంటే అక్కరకొస్తాయి. నలభై, యాభై ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్నవాళ్ల సామాను గట్టి చెక్కతో చేసినదై ఉంటుంది. వారసులకు దాని విలువ తెలియదు, తెలిసినా సెలవు లేదు.

చీకట్లో అర నిమిషంలో నిర్ణయం జరగాలి. ముందు బరువు చూస్తారు. ఒక మూల పట్టుకుని ఎత్తితే గట్టి చెక్క తన సంగతి తానే చెబుతుంది. తర్వాత సొరుగు లాగి మూలలు చూస్తారు. రెండు పలకలు ఒకదానిలో ఒకటి పళ్లలా దిగి కలిసి ఉంటే పనితనమున్న వస్తువు. పిన్నులు కొట్టి, బంక రాసి ఉంటే వదిలేయవచ్చు. పైన అతికించిన పలుచని చెక్కపొర అంచుల్లో లేచిందా, నీళ్లు తగిలి ఉబ్బిందా అని వేలితో తడుముతారు. కుర్చీని తలకిందులు చేసి అడుగున చీటీ గాని, ముద్ర గాని ఉందేమో వెతుకుతారు. హెర్మన్ మిల్లర్, నోల్ వంటి కంపెనీల 1950ల నాటి కుర్చీలకు వేలంపాటల్లో ఇప్పటికీ గిరాకీ ఉంది. అడుగున ఉన్న ఆ చిన్న కాగితం ముక్క కుర్చీ ధరను ఎన్నో రెట్లు పెంచుతుంది. గుడ్డ కుట్టిన సోఫా అయితే కుట్ల మడతల్లో నల్లటి చుక్కలున్నాయేమో చూస్తారు. ఉంటే దాని మీద చెయ్యి కూడా వేయరు. ఎందుకో కింద చెప్పుకుందాం.

ఇంటికి చేరాక అసలు పని మొదలవుతుంది. ఊగే కాళ్లను విప్పి, పాత బంకను గీకి, కొత్తది రాసి రాత్రంతా బిగించి ఉంచాలి. ఉప్పుకాగితంతో రుద్ది, లక్క పాలిషో నూనో పట్టించాలి. దీపాలకు కొత్త తీగ వేయడం తక్కువ ఖర్చుతో అయ్యే పని, వాటి మీద మిగులు బాగుంటుంది. అద్దాలు, చిత్రాల చట్రాలు, ఇనుప పెనాలు, వినైల్ రికార్డులు, కుట్టుమిషన్లు, సైకిళ్లు త్వరగా కదిలే సరుకు. పియానో ఉచితంగా దొరికినా ఎవరూ ముట్టుకోరు. మోసే కూలి, శ్రుతి చేసే ఖర్చు తిరిగి రావు. వస్తువుగా అమ్ముడుపోనిదాన్ని విప్పి రాగి, ఇత్తడి, అల్యూమినియం విడదీసి స్క్రాప్ యార్డుకు వేస్తారు. తీగ మీది ప్లాస్టిక్ తొడుగు ఒలిచిన రాగికి, ఒలవని రాగికి ధరలో చాలా తేడా. ఖాళీగా ఉన్న రాత్రిళ్లు టీవీ ముందు కూచుని తీగలు ఒలిచే కుటుంబాలున్నాయి.

ఈ విద్యను చదువుకున్నవాడొకడు లోపలినుంచి చూసి రాశాడు. నేరశాస్త్ర ఆచార్యుడు జెఫ్ ఫెరెల్ 2001 డిసెంబరులో శాశ్వత ఉద్యోగం వదిలి, సొంత ఊరు టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌కు వచ్చి, ఎనిమిది నెలలపాటు వీధుల్లో దొరికినదానితో జీవించాడు. సైకిలు మీద తిరిగాడు. లోహాలు యార్డుకు వేశాడు, బట్టలు, పనిముట్లు వాడుకున్నాడు, పంచిపెట్టాడు. 2006లో వచ్చిన ఎంపైర్ ఆఫ్ స్క్రౌంజ్ అనే పుస్తకం ఆ ఎనిమిది నెలల పంట. పారేసిన కుప్పను బట్టి ఆ ఇంట్లో విడాకులు జరిగాయా, చావు జరిగిందా, కాలేజీ చదువు పూర్తయిందా చెప్పవచ్చునని అందులో ఆయన చూపించిన తీరు ఈ వృత్తి గురించి వచ్చిన రాతల్లో ఎన్నదగినది.

అమ్మే చోట్లు

ఏరిన సరుకు ఎక్కడ అమ్మాలన్నది చాలాకాలం పెద్ద చిక్కు. న్యూయార్క్‌లో వీధిలో సరుకు అమ్మడానికి లైసెన్సు కావాలి, ఆ లైసెన్సుల సంఖ్యకు నగరం పరిమితి పెట్టింది. అయితే 1982లో వచ్చిన ఒక స్థానిక చట్టం అచ్చయిన రాతను ఆ నియమం నుంచి తప్పించింది. పుస్తకాలు, పత్రికలు అమ్మడం భావప్రకటన కిందికి వస్తుంది కనుక లైసెన్సు అడగరాదన్నారు. కవుల కోసమూ కరపత్రాలవాళ్ల కోసమూ ఉద్దేశించిన ఆ మినహాయింపును గ్రీనిచ్ విలేజ్‌లోని సిక్స్త్ ఎవెన్యూ మీద ఇళ్లూ వాకిళ్లూ లేని మనుషులు అందిపుచ్చుకున్నారు. పాత కాగితాల సంచుల్లోంచి వంటల పత్రికలు, ఫ్యాషన్ పత్రికలు, నిర్మాణశిల్ప పత్రికలు ఏరి, ఫుట్‌పాత్ మీద బల్లలేసి అమ్మారు.

సామాజిక శాస్త్రవేత్త మిచెల్ డ్యునైర్ 1990ల్లో ఆ బల్లల దగ్గరే ఏళ్లతరబడి గడిపి, వాళ్లతోపాటు పని చేసి, 1999లో సైడ్‌వాక్ అనే పుస్తకం ప్రచురించాడు. ఏ భవనంలో ఎవరు ఏ పత్రికలు తెప్పించుకుంటారో ఆ అమ్మేవాళ్లకు తెలుసు. కొన్ని భవనాల కాపలావాళ్లు మంచి పత్రికలు విడిగా తీసి ఉంచేవారు. పారిస్ ప్లాసియే ఏర్పాటే నూరేళ్ల తర్వాత ఇంకో ఖండంలో మళ్లీ మొలిచిందన్నమాట. బల్లకు చోటు పట్టి ఉంచేవాడొకడు, సరుకు మోసేవాడొకడు, రాత్రి దాచిపెట్టేవాడొకడు, ఇలా ఒక్కో బల్ల చుట్టూ నలుగురైదుగురికి పని. జైలు నుంచి వచ్చినవాళ్లు, మత్తు అలవాటు పడినవాళ్లు ఆ పనితో రోజుకో క్రమం తెచ్చుకున్నారని డ్యునైర్ వాదన. 1993లో మరో చట్టం వచ్చి బల్లలు ఎక్కడ వేయవచ్చో బిగించడంతో వాళ్లకు చోటు కరువైంది. ఉన్న కొద్ది చోటు కోసం తగవులు పెరిగాయి. వీధిని శుభ్రం చేస్తామన్న చట్టం వీధిలో గొడవను పెంచింది.

ఇంటర్నెట్టు వచ్చాక అంగడి వీధి నుంచి తెర మీదికి వెళ్లింది. ఈబే, క్రెయిగ్స్‌లిస్ట్ రెండూ 1995లో మొదలయ్యాయి. ఈబే వల్ల ఫోర్ట్‌వర్త్ వీధిలో దొరికిన పింగాణీ గిన్నెకు ఒహాయోలో కొనేవాడు దొరికాడు. క్రెయిగ్స్‌లిస్ట్‌లో ఉచిత వస్తువుల పేజీ వచ్చింది. ఫలానా వీధి మూల మంచి బల్ల పెట్టాం, ముందొచ్చినవాళ్లదే అన్న ప్రకటనలు అక్కడ మామూలయ్యాయి. 2003లో అరిజోనాలోని టూసన్‌లో ఫ్రీసైకిల్, 2013లో వాషింగ్టన్ రాష్ట్రంలో బై నథింగ్ పుట్టాయి. రెండిటి నియమమూ ఒకటే, డబ్బు మాట రాకూడదు. 2016లో వచ్చిన ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ పెద్ద ఫర్నిచరును ఊళ్లోనే అమ్మడం తేలిక చేసింది. 2019లో మొదలైన స్టూపింగ్ ఎన్‌వైసీ అనే ఇన్‌స్టాగ్రామ్ ఖాతా వీధిలో పెట్టిన వస్తువుల ఫొటోలను చిరునామాతో సహా లక్షలమందికి చూపిస్తోంది. ఫొటో పడ్డ కొద్ది నిమిషాల్లో వస్తువు మాయమైన సందర్భాలు కొల్లలు. ఇంటికి వాడుకోవడానికి వచ్చేవాళ్లకూ అమ్ముకోవడానికి వచ్చేవాళ్లకూ అక్కడ ఎప్పుడూ చిన్న రగడే. ఉచితంగా తీసుకుని అమ్మడం తప్పని మొదటివాళ్లు అంటారు. బాగుచేసిన చేతికి కూలి వద్దా అని రెండోవాళ్లు అడుగుతారు. ఈ ప్రశ్నకు సరైన జవాబు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఎవరి సొత్తు

వీధిన పెట్టిన వస్తువు ఎవరిది? అమెరికా సుప్రీంకోర్టు 1988 మే 16న కాలిఫోర్నియా వర్సెస్ గ్రీన్‌వుడ్ కేసులో ఇచ్చిన తీర్పును దీనికి జవాబుగా తరచు చెబుతారు. నిజానికి అది పోలీసుల సోదా గురించిన తీర్పు. లగూనా బీచ్‌లో ఒక అనుమానితుడి చెత్తసంచులను పోలీసులు వారంటు లేకుండా తెప్పించుకుని చూశారు. బయట పెట్టిన చెత్త జంతువులకు, పిల్లలకు, ఏరేవాళ్లకు అందుబాటులో ఉంటుంది కనుక దాని విషయంలో గోప్యత ఆశించడం తగదని కోర్టు 6-2 తేడాతో తేల్చింది. ఆ వస్తువు ఎవరికి చెందుతుందో అది చెప్పలేదు. ఆ సంగతి ఊరూరి నిబంధనల్లో ఉంటుంది. న్యూయార్క్‌లో రీసైకిల్ చేయాల్సిన లోహాలు, కాగితాలు వాహనంలో ఎత్తుకెళితే పెద్ద జరిమానా పడుతుంది, బండి కూడా పోవచ్చు. నడుచుకుంటూ పోయే మనిషి ఒక కుర్చీ పట్టుకెళితే అడిగేవారు అరుదు.

ఇంగ్లండులో చట్టం ఇంకా కఠినం. 1957 నాటి విలియమ్స్ వర్సెస్ ఫిలిప్స్ కేసులో చెత్త ఎత్తే కార్మికులు తాము ఎత్తిన చెత్తలోంచి కొన్ని వస్తువులు అమ్ముకుంటే కోర్టు దాన్ని దొంగతనమనే అంది. బండి ఎక్కేవరకు వస్తువు ఇంటివాళ్లది, ఎక్కాక నగరపాలక సంస్థది, మధ్యలో ఎవరిదీ కాని క్షణం లేదని ఆ తీర్పు సారాంశం.

పన్ను లెక్క కూడా ఉంది. ఒహాయోలో ఒక దంపతులు 1957లో 15 డాలర్లకు కొన్న పాత పియానోను 1964లో శుభ్రం చేస్తుంటే లోపల 4,467 డాలర్ల పాత నోట్లు దొరికాయి. అది ఆదాయమేనని, పన్ను కట్టాల్సిందేనని 1969లో కోర్టు చెప్పింది. దొరికిన నిధి గురించి అమెరికాలో ఇప్పటికీ ఉదహరించే కేసు అది.

దొరికినదంతా పారేసినదే కానక్కరలేదు. 2003లో మన్‌హాటన్‌లో కాఫీకని బయటికి వచ్చిన ఒక మహిళకు చెత్తసంచుల నడుమ రంగులు పొంగే ఒక పెద్ద చిత్రం కనిపించింది. బాగుందని ఇంటికి తీసుకెళ్లి గోడకు తగిలించింది. అది మెక్సికో చిత్రకారుడు రుఫినో తమాయో 1970లో వేసిన ముగ్గురు మనుషుల చిత్రం, 1987లో హ్యూస్టన్‌లో దొంగలు పట్టుకుపోయినది. సంగతి తెలిశాక ఆమె దాన్ని సొంతదార్లకు చేర్చింది, బహుమతిగా 15,000 డాలర్లు అందుకుంది. 2007 నవంబరులో సదబీస్ వేలంలో ఆ చిత్రం 10 లక్షల డాలర్లు దాటి పలికింది.

ప్రమాదాలు

నల్లులే ఈ వృత్తికి మొదటి శత్రువు. చెక్క పగుళ్లలో, కుట్ల మడతల్లో, స్క్రూల గుంటల్లో అవి నెలలతరబడి తిండి లేకుండా ఉండగలవు. న్యూయార్క్‌లో పరుపును వీధిన పెట్టాలంటే ప్లాస్టిక్ సంచిలో మూసి పెట్టాలన్న నియమం వాటివల్లే వచ్చింది. గుడ్డలను డ్రయ్యర్‌లో బాగా వేడెక్కిస్తే, చిన్న వస్తువులను మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచితే చస్తాయి. చెక్క సామానును విప్పి, ప్రతి సందూ చూసుకోవడం తప్ప దారి లేదు.

పాత రంగులో సీసం ఉంటుంది. అమెరికాలో ఇళ్ల రంగుల్లో దాన్ని 1978లో నిషేధించారు. అంతకుముందటి బల్లను ఉప్పుకాగితంతో రుద్దితే లేచే దుమ్ము పిల్లల మెదడుకు హాని చేస్తుంది. పక్క కమ్మీలు కిందికి జారే పిల్లల తొట్టిమంచాల అమ్మకం 2011 జూన్ నుంచి చట్టవిరుద్ధం. ఎంత చక్కటిది దొరికినా, ఎంత బాగుచేసినా అమ్మకూడదు. పాత ఫ్రిజ్ వెనక నుంచి రాగి గొట్టాలు కోసుకుపోయేవాళ్లు లోపలి శీతలవాయువును గాలిలోకి వదిలేస్తారు. అది కూడా నేరమే. టీవీలు, కంప్యూటర్లు 2015 జనవరి నుంచి న్యూయార్క్ రాష్ట్రంలో చెత్తతో పెట్టనే కూడదు.

వేరే ఊళ్లు, తెలుగు వీధులు

జపాన్‌లో 1980ల్లో విదేశీ విద్యార్థులు వీధిన పెట్టిన టీవీలు, ఫ్రిజ్‌లతోనే గదులు అమర్చుకునేవారు. 2001 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన చట్టం టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఏసీ పారేసేవాళ్లే రుసుం కట్టాలంది. జర్మనీలో పెద్ద సామాను బయటపెట్టే రోజు ముందు రాత్రి ఊరంతా టార్చిలైట్లతో తిరిగేది. చాలా నగరాలు ఇప్పుడు ఎవరికి వారు ముందుగా చెప్పి తేదీ తీసుకునే పద్ధతికి మారాయి. బ్యునోస్ ఐరెస్‌లో 2001 ఆర్థిక సంక్షోభంలో వీధికెక్కిన వేలాది కార్తోనేరోల, అంటే అట్టలూ కాగితాలూ ఏరేవాళ్ల, పనిని 2002 డిసెంబరులో నగర చట్టం గుర్తించింది. అంతవరకు చెత్త ముట్టుకోవడమే అక్కడ నేరం.

తెలుగునాట వస్తువు వీధివారకు రాకముందే బేరమైపోతుంది. పాత ఇనప సామాను, ప్లాస్టిక్ సామాను కొంటామంటూ తోపుడుబండి గుమ్మంలోకే వస్తుంది. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చేవాళ్లు ఇంకా తిరుగుతున్నారు. కోస్తాలో గుజరీ కొట్టు, హైదరాబాదులో కబాడీ దుకాణం ఆ సరుకును అందుకుంటాయి. అక్కడినుంచి పనికొచ్చేవి విడిపోయి జుమ్మేరాత్ బజారుకో, ఎర్రగడ్డ ఆదివారం అంగడికో చేరతాయి. పుస్తకాలైతే హైదరాబాదులో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదికి, విజయవాడలో లెనిన్ సెంటర్ కొట్లకు వెళతాయి. చెత్తలో ఏరుకునే మనుషులకు మాత్రం ఆ బేరంలో మిగిలేది అడుగు సరుకే. 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు వాళ్లను గుర్తించి, గుర్తింపు కార్డులివ్వాలని, వ్యవస్థలో కలుపుకోవాలని పురపాలక సంస్థలను ఆదేశించాయి. పుణేలో 1993లో ఏర్పడ్డ చెత్త ఏరేవాళ్ల సంఘం ఆ దారిలో చాలా ముందుంది.

అమెరికా పద్ధతీ తెలుగు పద్ధతీ ఎదురుపడేది అమెరికా వెళ్లిన తెలుగు విద్యార్థుల గదుల్లో. ఆగస్టులో దిగినవాళ్లకు మంచం, చదువుకునే బల్ల, దీపం చాలావరకు అపార్ట్‌మెంటు చెత్తతొట్టి పక్కనో, ఊరు మారిపోతున్న సీనియర్ దగ్గరో దొరుకుతాయి. వాట్సాప్ గుంపుల్లో చిరునామా పడగానే నలుగురు బయల్దేరతారు. చదువయ్యాక అదే బల్ల ఇంకొకరికి పోతుంది. ఇంటికి ఫోను చేసినప్పుడు ఆ బల్ల ఎక్కడిదో చెప్పడానికి చాలామంది మొహమాటపడతారు. పడనక్కరలేదు.

కళలోకి, గ్యారేజీలోకి

శిల్పి లూయిస్ నెవల్సన్ న్యూయార్క్ వీధుల్లో దొరికిన చెక్కముక్కలు, కుర్చీ కాళ్లు, మెట్ల కమ్మీలు పెట్టెల్లో పేర్చి, అంతా నలుపు పూసి గోడంత శిల్పాలు చేసింది. 1958 నాటి స్కై కథీడ్రల్ ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. ఫ్రాన్స్‌లో ఆన్యెస్ వార్దా 2000 సంవత్సరంలో పొలాల్లో పరిగె ఏరేవాళ్లనూ నగరంలో చెత్త ఏరేవాళ్లనూ కలిపి ఒక డాక్యుమెంటరీ తీసింది.

వీటన్నిటికంటే విశేషమైన సేకరణ న్యూయార్క్‌లో, తూర్పు 99వ వీధిలోని ఒక చెత్తబళ్ల గ్యారేజీ మేడ మీద ఉంది. పారిశుధ్య కార్మికుడు నెల్సన్ మొలీనా 1981లో తన రూటులో దొరికిన బొమ్మలు, చిత్రాలతో మొదలుపెట్టి 2015లో పదవీ విరమణ చేసేనాటికి 45,000కు పైగా వస్తువులు చేర్చాడు. టైపురైటర్లు, గాజు కూజాలు, పెళ్లి ఫొటోలు, ఆటబొమ్మలు వరసలుగా అమర్చి ఉంటాయి. దొరికినవి ఇంటికి పట్టుకెళ్లడం గాని, అమ్మడం గాని కార్మికులకు నిషిద్ధం. మొలీనా వాటిని గ్యారేజీ దాటనివ్వలేదు కాబట్టే ఆ సేకరణ నిలిచింది. వాటిలో ఒక్కటీ అమ్మకానికి లేదు.

న్యూయార్క్ ఇప్పుడు మళ్లీ పూబెల్ బాట పట్టింది. ఎలుకల బెడద తగ్గించడానికి 2024 నవంబరు నుంచి చిన్న నివాస భవనాలవాళ్లు సంచులకు బదులు మూత ఉన్న డబ్బాలు వాడాలని నియమం తెచ్చింది. పెద్ద భవనాలకు వీధిలోనే పెద్ద తొట్లు పెట్టే పని సాగుతోంది. సంచుల్లో ఏరుకునే పత్రికలవాళ్లకు, సీసాలకు తలా 5 సెంట్లు తెచ్చుకునేవాళ్లకు ఇది దెబ్బ. ఫర్నిచరు మీద బతికేవాళ్లకు అంత ఇబ్బంది లేదు. మంచాలు, బీరువాలు ఏ డబ్బాలోనూ పట్టవు కనుక వాటిని మునుపటిలాగే ఫుట్‌పాత్ అంచున పెట్టమంటోంది నగరం.